కోడీన్: వికీపీడియా చెప్పేది, లేబుల్ చెప్పేది

దగ్గు మందుల్లో, నొప్పి మాత్రల్లో వాడే కోడీన్ గురించి ఆన్‌లైన్‌లో వెతికితే రెండు రకాల ఆధారాలు దొరుకుతాయి. ఒకటి వికీపీడియా. రెండోది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం డైలీమెడ్‌లో ఉంచే అధికారిక లేబుల్. మొదటిదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. రెండోది ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల ప్రకారం తయారవుతుంది. అందుకని మొదటిది తప్పుల తడక, రెండోది వేదవాక్కు అనుకుంటాం. పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క మారుతుంది.

2008లో అమెరికా ఫార్మసీ పరిశోధకులు మందుల గురించి 80 ప్రశ్నలు వేసుకుని, వికీపీడియానూ వైద్యులు వాడే మెడ్‌స్కేప్‌నూ పోల్చారు. వికీపీడియాలో ఒక్క తప్పూ కనబడలేదు. మెడ్‌స్కేప్‌లోనే నాలుగు దొరికాయి. అయితే మెడ్‌స్కేప్ 82.5 శాతం ప్రశ్నలకు జవాబిస్తే, వికీపీడియా ఇచ్చింది 40 శాతానికే. మోతాదు ప్రశ్నల్లో ఒక్కదానికీ అది జవాబు చెప్పలేదు. అంటే దాని జబ్బు అబద్ధం కాదు, వదిలేయడం. మందు విషయంలో వదిలేసిన ఒక్క వాక్యమే ప్రాణం మీదికి తేవచ్చు.

ఆ వాక్యం ఎలాంటిదో కోడీన్‌లోనే చూడవచ్చు. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ కోడీన్‌లో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ మరీ చురుగ్గా ఉన్నవారిలో మార్ఫిన్ ఎక్కువగా, వేగంగా తయారై ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లలు కొందరు చనిపోవడంతో 2013లో ఎఫ్‌డీఏ ఆ వాడకాన్ని నిషేధిస్తూ లేబుల్‌పై పెట్టె కట్టి హెచ్చరిక పెట్టించింది. 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదంది. లేబుల్లో ఇవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వికీపీడియా సంగతి వేరు. ఎఫ్‌డీఏ హెచ్చరికలు వచ్చిన కొన్ని మందుల పేజీలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో రెండు వారాల్లోగా మారినవి 41 శాతం. ఏడాది దాటినా మారనివి 36 శాతం.

ఇంతవరకూ లేబుల్‌దే పైచేయి. కానీ అది ఒక దేశానికి, ఒక తయారీకి రాసిన పత్రం. అదే కోడీన్ ఆస్ట్రేలియాలో 2018 ఫిబ్రవరి నుంచి డాక్టర్ చీటీ లేకుండా దొరకదు. బ్రిటన్‌లో పారాసిటమాల్‌తో కలిపిన తక్కువ మోతాదు మాత్రలను ఫార్మసీలో చీటీ లేకుండానే అమ్ముతారు. యూఏఈకి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే చిక్కే. గల్ఫ్‌కి వెళ్లే కరీంనగర్ కార్మికుడికి అమెరికా లేబుల్ ఈ మాట చెప్పదు. దేశాలవారీ చట్టాలు, 1832లో ఫ్రాన్స్‌లో రాబికే అనే రసాయనవేత్త దీన్ని నల్లమందు నుంచి వేరుచేసిన కథ ఒకేచోట తెలియాలంటే వికీపీడియాలాంటి విజ్ఞాన సర్వస్వమే దిక్కు.

మన దేశంలో ఇంకో తిరకాసుంది. ఒకప్పుడు కోరెక్స్ అంటే కోడీన్ సిరప్. తర్వాత వచ్చిన కోరెక్స్ డీఎక్స్‌లో ఉన్నది డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే వేరే మందు. బ్రాండ్ పేరుతో వెతికినవారికి పాత మందు సమాచారం కొత్త సీసాకు అంటుకుంటుంది. ఆ సమాచారం తప్పు కాదు, కానీ చేతిలో ఉన్న సీసాది కాదు.

కాబట్టి నా తీర్పు ఇది: కోడీన్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఏ చట్టముందో తెలుసుకోవడం మొదలుపెట్టడానికి వికీపీడియా మేలు. ఎంత, ఎవరికి, ఎవరికి కూడదు అన్నవాటికి లేబులే ప్రమాణం. ముందుగా సీసా మీద మందుల పేర్లు చదవండి. పసిపిల్లల విషయంలో మాత్రం ఏ తెరనూ నమ్మకుండా డాక్టర్‌నే అడగండి.