తుప్పు వదలగొట్టే విద్య

కోపమొస్తే మనవాళ్లు ‘తుప్పు వదలగొడతా’ అంటారు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో అది బెదిరింపు కాదు, రోజూ చేసే పని. అందులోనూ లారీ ఫ్రంట్ యాక్సిల్ విప్పిన రోజైతే ఆ పనికి పొద్దు చాలదు.

నేను పక్కన కూర్చుని చూసిన బండి భీమవరం వైపు నుంచి రొయ్యలు తోలేది. చెరువుగట్ల ఉప్పుబురద చక్రాల లోపలివైపు పట్టి, ఎండి, మళ్లీ తడిసి, ఇనుముకు రెండో చర్మంలా అతుక్కుపోయింది. స్టీరింగు బరువెక్కిందనీ, బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతోందనీ డ్రైవరు చెప్పాడు. చక్రం విప్పకముందే మేస్త్రీ తేల్చేశాడు: “కుడిపక్క సీలు పోయింది.” డ్రమ్ము ఊడదీస్తే లోపల లైనింగు మీద గ్రీజు నిగనిగలాడుతోంది. కుడివైపు బ్రేకు జారిపోతుంటే ఎడమది ఒక్కటే పట్టుకుంటోంది. బండి అటు లాగక ఏం చేస్తుంది! గ్రీజు తాగిన లైనింగును కడిగి మళ్లీ వేయడమన్నది ఉండదు, కొత్తది వేయాల్సిందే.

మన లారీల్లో చాలావాటికి ముందు యాక్సిల్ తిరిగేది కాదు, బరువు మోసేది. కొలిమిలో సాగగొట్టిన ఉక్కు దూలం అది. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు ‘ఐ’ అక్షరంలా ఉంటుంది. రెండు చివర్లా నిలువు కన్నాలు. ఒక్కో కన్నంలో కింగ్ పిన్, దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిరిగే స్టబ్ యాక్సిల్. స్టబ్ మీద రెండు బేరింగులు, వాటి మీద హబ్బు, హబ్బుకు చక్రం. లోపలి బేరింగు వెనకాల, ఎవరి కంటా పడకుండా, సీలు. గ్రీజును బయటికి పోనివ్వకూడదు, నీళ్లను లోపలికి రానివ్వకూడదు. దాని ఉద్యోగం ఇంతే.

ఎద్దుబండికి ఈ ఉద్యోగి లేడు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవారు. దాన్ని ఇరుసుకు పెట్టడం, అది దుమ్ముతో కలిసి కారిపోతే తుడిచి మళ్లీ పెట్టడం. కందెన బుడ్డి బండితోనే ప్రయాణం చేసేది. లారీ వేల కిలోమీటర్లు ఆగకుండా తిరగగలుగుతోందంటే, లోపల పెట్టిన కందెన లోపలే ఉంటోంది కాబట్టి. ఆ పని చేసేది ఉక్కు చట్రంలో బిగించిన ఒక రబ్బరు పెదవి, దాని వీపున చుట్టిన సన్నటి స్ప్రింగు.

అసలు కష్టం కింగ్ పిన్ దగ్గర మొదలైంది. పిన్నును పట్టి ఉంచే కాటరు ఊడింది గానీ పిన్ను కదల్లేదు. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకంత సందులో అలా ఉబ్బిన తుప్పు ఎవరూ కొట్టని మేకులా బిగుసుకుంటుంది. ఇలాంటప్పుడు కొన్ని షెడ్లలో గ్యాసు మంట అందుకుంటారు. దూలం ఎర్రబడుతుంది, పిన్ను వచ్చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఆ దూలానికి కార్ఖానాలో ఇచ్చిన వేడి పదును ఒక్క మంటతో పోతుంది, ఎక్కడ పోయిందో కంటికి కనపడదు. మా మేస్త్రీ ముందురోజు రాత్రే పిన్ను చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాడు. పొద్దున్న ఇంకోసారి పోశాడు. ఆ తర్వాతే హైడ్రాలిక్ ప్రెస్సు. ‘టక్’మని ఒక్క చప్పుడు, పిన్ను కిందికి జారింది. ఎర్రటి పొడి గుప్పెడు రాలింది.

ఇక శుభ్రం చేయడం. తుప్పును అంతటా ఒకేలా గీకేవాడు పని నేర్చుకున్నట్టు కాదు. దూలం ఒంటి మీద తుప్పుకు తీగ బ్రష్షు చాలు. పొక్కులు రాలిపోయి, ప్రైమరు పట్టేలా ఉంటే సరి, అద్దంలా మెరవక్కర్లేదు. కింగ్ పిన్ కన్నంలో తుప్పు పోవాలి గానీ ఇనుము పోకూడదు. అక్కడ ఆకురాయి పెట్టి రుద్దితే కన్నం వదులై, కొత్త పిన్ను కూడా ఆడుతుంది. సీలు పెదవి ఆనే కాలరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి పూర్తిగా మారిపోవాలి. అక్కడి గరుకుదనం 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలంటుంది ఇంజినీరింగు లెక్క. మేస్త్రీ దగ్గర కొలిచే యంత్రం లేదు, చూపుడువేలి గోరుంది. కళ్లు మూసుకుని గోరును కాలరు మీద అడ్డంగా లాగుతాడు. ఎక్కడైనా తట్టుకుందా, ఆగుతాడు.

సన్నరకం ఎమరీ కాగితాన్ని పట్టీలా చింపి, కిరసనాయిలులో తడిపి, కాలరు చుట్టూ తిప్పి రెండు చివర్లూ మార్చి మార్చి లాగాడు, కవ్వం తాడు లాగినట్టు. హెల్పరు కుర్రాడు తొందరలో పొడుగునా రుద్దబోతే, “ఒరేయ్, చుట్టూ! అడ్డదిడ్డం గీతలు పెట్టావంటే గ్రీజుకు దారి చూపించినట్టే” అని కసిరాడు. అది చాదస్తం కాదు. ఏటవాలు గీతలు మర చుట్టుల్లా పనిచేసి, చక్రం తిరిగేకొద్దీ గ్రీజులోని నూనెను బయటికి తోడేస్తాయి. పెదవి ఒరుసుకుని ఇప్పటికే గాడి పడి ఉంటే ఏ కాగితమూ దాన్ని పూడ్చలేదు. కాలరు మార్చాలి, లేదా మీద పలుచటి తొడుగు వేయాలి.

ఇంత ఓపిక ఎందుకని ఆమ్లంలో ముంచేవాళ్లూ ఉన్నారు. రేకులకూ మూతలకూ ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావకం బాగానే పనిచేస్తుంది, చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టు. బేరింగుల్ని మాత్రం అందులో వేయకూడదు. అక్కడ పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. రోలర్ల మీద తుప్పు గుంటలు పడ్డాయంటే ఆ బేరింగు పని అయిపోయినట్టే, తోమి బతికించాలని చూడకండి.

కుర్రాళ్ల సరదా ఒకటుంది. కడిగిన బేరింగును వేలికి తగిలించి కంప్రెసర్ గాలి కొడతారు. అది ఈలవేస్తూ గిర్రున తిరుగుతుంది. జిడ్డు లేకుండా ఆ వేగంతో తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, ఊడితే తూటాల్లా ఎగురుతాయి. బ్రేకు దుమ్మును కూడా గాలితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే వదలదు. తడిగుడ్డతో తుడవాలి. షెడ్లలో ఈ ఒక్క విషయంలో నిర్లక్ష్యం చూస్తే నాకు భయమేస్తుంది.

కొత్త సీలు బిగించడం అయిదు నిమిషాల పని. స్ప్రింగున్న పెదవి గ్రీజు వైపే చూడాలి, తిరగేస్తే మొదటి ట్రిప్పులోనే కారుతుంది. పొడి పెదవి మొదట్లోనే మాడుతుంది కాబట్టి ముందే గ్రీజు రాయాలి. సుత్తితో నేరుగా కొడితే చట్రం వంకర పోతుంది. మేస్త్రీ పాత బేరింగు కప్పును సీలు మీద పెట్టి, దాని చుట్టూ కొద్దికొద్దిగా తట్టుకుంటూ దింపాడు. దిగుతున్నప్పుడు చప్పుడు బోలుగా ఉంది, అడుగుకు ఆనగానే గట్టిపడింది. చెవికి అది తెలియగానే సుత్తి పక్కన పెట్టేశాడు.

గ్రీజు ఎక్కించడం మాత్రం కన్నులపండువ. ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద, కుడిచేతిలో బేరింగు. దాని వెడల్పు అంచును ముద్దకేసి ఒత్తుతూ తిప్పుతుంటే, రోలర్ల మధ్య నుంచి పైకి జంతికల్లా వస్తుంది. అన్ని సందుల్లోంచీ వచ్చేదాకా ఆపడు. తర్వాత హబ్బును తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులు చేశాడు. ఆ వదులు, అంటే ప్లే, సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మరీ బిగిస్తే బేరింగు కాలుతుంది, వదిలేస్తే చక్రం ఊగి ఆ ఊపుకు కొత్త సీలు పెదవి కూడా అరిగిపోతుంది. కింగ్ పిన్లకు గ్రీజు కొట్టేటప్పుడు చక్రాలు నేలకు ఆనకుండా జాకీ మీద ఉంచాడు. బరువు దిగితేనే పిన్ను దగ్గరి కింది బేరింగు సందుల్లోకి గ్రీజు చేరుతుంది.

లెక్క చూసేటప్పుడు పేచీ వచ్చింది. బేరింగులు, బుష్షులు, సీళ్లు, అన్నిటికీ యజమాని తలాడించాడు. రోజున్నర శుభ్రం చేసిన కూలి దగ్గర మాత్రం పెన్ను ఆగింది. “కడగడానికి ఇంతా?” అన్నాడు. మేస్త్రీ జవాబు చెప్పకుండా పాత సీలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

మీరూ మీ బండి పాత సీలును పారేయనివ్వకండి, అడిగి తీసుకోండి. పెదవి గట్టిపడి పగిలితే వేడికి పోయింది. ఒక్కచోటే చిరిగితే బిగించినప్పుడు పోయింది. చుట్టూతా గీసుకుపోయి అరిగితే దాన్ని తిన్నది కాలరు మీది తుప్పు. ఆ కాలరు నునుపు కాకుండా ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఎన్నాళ్లో ఆగవు. అందుకని బిల్లులో ‘క్లీనింగ్’ అన్న పద్దు కనిపిస్తే కొట్టేయకండి.