తర్జుమాకి ఎనిమిది మార్కులు

పత్రికాఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఏడాదికి ఒకటి రెండుసార్లు యూనివర్సిటీల నుంచి ఒక జాబితా వస్తుంది. ఫలానా ప్రొఫెసర్‌కి ఫలానా పురస్కారం, ఫలానా డాక్టర్ గారి పుస్తకం విదేశాల్లో అచ్చయింది, ఫలానా వారి పేపర్ ఫలానా జర్నల్లో వచ్చింది. దాన్ని నాలుగు లైన్ల వార్త చేసి పేజీలో ఓ మూలకి సర్దడం మా పని. ఉర్దూ పత్రికలో ఉన్నప్పుడు ఉర్దూలో రాశాను. తెలుగులోకి వచ్చాక తెలుగులో రాస్తున్నాను. ఇన్నేళ్ళలో ఆ జాబితాలోని ఒక్క పుస్తకాన్నైనా ఇంటికి తీసుకెళ్ళి అమ్మీ చేతిలో పెట్టలేకపోయాను. అమ్మీకి ఉర్దూ వచ్చు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు రాదు.

మరి ఆ పుస్తకాలు ఎవరి గురించి? చాలాసార్లు మా అమ్మీ లాంటి వాళ్ళ గురించే.

మూడు పుస్తకాలు చూద్దాం. మూడూ యూనివర్సిటీ అధ్యాపకులు రాసినవే, మూడూ మంచివే. అఫ్సర్ మహమ్మద్ రాసిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీరు దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పీర్ల పండుగ దాని విషయం. కర్బలా కథ మన పల్లె కథ ఎలా అయిందో, 'ఫకీరీ' పట్టడమంటే ఆ భక్తుల మనసులో ఏముంటుందో అందులో ఉంది. పీర్లెత్తడం ఇస్లాం కాదని గద్దించే మన పెద్దలకీ, ముస్లిం అంటే ఒకే అచ్చులో పోసిన మనిషి అనుకునే మెజారిటీ బుద్ధిజీవులకీ ఒకేసారి జవాబు చెప్పే పుస్తకం అది. అదే రచయిత 'రీమేకింగ్ హిస్టరీ' 2023లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాదు ముస్లింల బతుకేమిటన్నది దాని ప్రశ్న. నిజాం, రజాకార్లు అనే రెండు మాటల మధ్య నలిగిపోయిన మామూలు మనుషుల గొంతులు దాంట్లో వినిపిస్తాయి.

మూడోది కవితా దాట్ల రాసిన 'ది లాంగ్వేజ్ ఆఫ్ సెక్యులర్ ఇస్లాం'. 2013లో హవాయి యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఉస్మానియా యూనివర్సిటీ, ఉర్దూ, ఆ రెంటినీ నమ్ముకున్న పండితులు దాని కథ. ఉర్దూ అంటే మతం అని తేల్చేసే ఈ రోజుల్లో, ఒకప్పుడు దాన్ని అందరికీ చెందిన చదువుల భాషగా నిలబెట్టాలని కొందరు ప్రయత్నించారని ఆమె రుజువులతో చూపించారు. 2017లో ఆమె చనిపోయారు. ఆమెకి మనం పడిన బాకీ తీరలేదు.

ఈ మూడూ పుట్టింది ఇంగ్లీషులో. గూగూడు రైతుకీ, పాతబస్తీ నానీకీ తమ కథ చేరాలంటే ఎవరో ఒకరు తర్జుమా చేసిపెట్టాలి.

ఒక రాత్రి 'రీమేకింగ్ హిస్టరీ'లో కొన్ని పేజీలు అమ్మీకి దక్కనీలో చెప్పాను. 1948 సంగతి మా నానీ ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అమ్మీ చాలాసేపు విని, "యే తో హమారీచ్ బాత్ హై. హమారీ జబాన్ మే కైకు నై?" అంది. ఇది మన మాటే కదా, మన భాషలో ఎందుకు లేదు అని. నా దగ్గర జవాబు లేదు.

దీనికి రచయితల్ని నిందించి లాభం లేదు. అఫ్సర్ 'ఇవాళ', 'వలస' రాసిన తెలుగు కవి. తెలుగులో రాయడం ఆయన మానలేదు. కానీ అమెరికాలో ప్రొఫెసర్‌గా నిలబడాలంటే లెక్కకొచ్చేది ఇంగ్లీషు పుస్తకమే. ఇక్కడ మాత్రం? యూజీసీ 2018 నిబంధనల్లోని మార్కుల పట్టిక చూడండి. అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12. దేశీయ ప్రచురణకర్త వేస్తే 10. పుస్తకాన్ని అనువాదం చేస్తే 8. అంటే మనవాళ్ళ కథని మనవాళ్ళకి అందించడం ఆ పట్టికలో కింది మెట్టు పని.

ఇదే హైదరాబాదులో ఒకప్పుడు లెక్క వేరుగా ఉండేది. 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. ముందు తర్జుమా, తర్వాత యూనివర్సిటీ! మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆ సంస్థని నడిపారు. శాస్త్ర పదాలు ఎలా పుట్టించాలో చెప్పడానికి వహీదుద్దీన్ సలీమ్ 1921లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. జోష్ మలీహాబాదీ లాంటి కవి అక్కడ ఉద్యోగం చేశాడు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఆనాటి జాబితాలో పెద్ద సాధన అంటే విద్యార్థికి అర్థమయ్యే భాషలో పుస్తకం ఉండడమే. ఆ పుస్తకాల వెనక కాతిబులున్నారు, ప్రూఫులు దిద్దినవాళ్ళున్నారు, ప్రెస్సు మనుషులున్నారు. ఏ జాబితాలోనైనా వాళ్ళ పేర్లు చూశామా?

ఇక్కడ ఆగి మనం నిజం చెప్పుకోవాలి. ఉస్మానియాని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకోవడం మనవాళ్ళకి అలవాటు. కానీ ఆ యూనివర్సిటీ చుట్టూ ఉన్న తెలంగాణ పల్లెల భాష తెలుగు. ఆ పల్లె పిల్లవాడికి ఉర్దూలో చదువు పరాయి భాషలో చదువే. ఇంగ్లీషు పెత్తనాన్ని ఎదిరించిన వాళ్ళు తెలుగు మీద ఉర్దూ పెత్తనాన్ని చూడలేకపోయారు. దాట్ల పుస్తకం చదివేటప్పుడు ఈ బాధ నన్ను వదల్లేదు. ఉర్దూ అందరిదీ అనడం గొప్ప కలే. కానీ ఆ 'అందరి'లో తెలుగువాడి మాట ఎంత?

సరే, 1948 తర్వాత ఉర్దూని ఆ కుర్చీలోంచి దించారు. అక్కడ తెలుగు కూర్చుందా? లేదు. ఇంగ్లీషు కూర్చుంది. తెలుగు అకాడమీ రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. ఉర్దూ ఓడింది, తెలుగు గెలవలేదు. ఈ రెండు భాషల వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటూ ఉండగా రెండు భాషల చదువూ చేజారిపోయింది.

ఇక యూనివర్సిటీ గోడల బయటికి రండి. 2010లో సయ్యద్ నశీర్ అహమ్మద్ 'అక్షర శిల్పులు' తెచ్చారు. తెలుగులో రాసిన ముస్లింల వివరాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం. ఆదిలాబాదులో కూర్చుని సామల సదాశివ అమ్జద్ రుబాయీలని తెలుగు చేశారు, ఉర్దూ సాహిత్యాన్ని తెలుగువాళ్ళ ఇంటి మాటగా చెప్పారు. తెలుగు ఒక మతం వాళ్ళది, ఉర్దూ ఇంకో మతం వాళ్ళది అనే అబద్ధాన్ని ఈ ఇద్దరూ చెరొక వైపు నుంచీ కొట్టేశారు. వీళ్ళ పనికి ఆ పట్టికలో ఎన్ని మార్కులు వేస్తారు?

నేను ప్రొఫెసర్‌ని కాదు. బీఏ చదివి పత్రికల్లో బతుకుతున్నవాణ్ణి. అయినా ఒకటి అడుగుతాను. మన యూనివర్సిటీల్లో ఉర్దూ శాఖలున్నాయి, తెలుగు శాఖలున్నాయి. ఒక్కో ఏడాది ఒక్క పుస్తకమైనా ఇద్దరూ కలిసి అటూ ఇటూ తేలేరా? తర్జుమా అన్న మాట తెలుగువాడికీ తెలుసు, ఉర్దూవాడికీ తెలుసు. మాట ఉమ్మడిగా ఉంది. పని కూడా ఉమ్మడిగా జరగాలి.

ఈసారి ఆ జాబితా నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాలుగు లైన్లు రాసి ఊరుకోను. ఈ పుస్తకం ఎవరి గురించి, వాళ్ళు దీన్ని చదవగలరా అని ఫోన్ చేసి అడుగుతాను. జవాబు వచ్చినా రాకపోయినా ఆ ప్రశ్నని వార్తలో వేస్తాను.