అర్ధరాత్రి దూదిచుట్ట

కుషింగ్స్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను మితిమీరడం) అనుమానంతో లాలాజల పరీక్ష రాసిచ్చినప్పుడు చాలామంది "రక్తం తియ్యరా డాక్టరుగారూ?" అని అడుగుతారు. ఆ సందేహం తీర్చకుండా పంపితే పరీక్ష సగం చెడినట్టే.

అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ తెల్లవారే వేళకు బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. 1912లో హార్వీ కుషింగ్ వర్ణించిన ఈ జబ్బులో రాత్రిపూట ఆ తగ్గుదల ఉండదు. పొద్దుటి కొలత మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. పోనీ ఆసుపత్రిలో చేర్చి అర్ధరాత్రి లేపి సూది గుచ్చుదామంటే, ఆ ఉలికిపాటుకే కార్టిసాల్ పెరగొచ్చు. అదే సొంత ఇంట్లో, పడుకునే ముందు ఒకటి రెండు నిమిషాలు దూదిచుట్ట నమిలి గొట్టంలో వేస్తే ఆ గొడవ లేదు. పైగా లాలాజలంలోకి దిగేది ప్రోటీన్లకు అతుక్కోని కార్టిసాల్ మాత్రమే. గర్భనిరోధక మాత్రలు రక్తంలో లెక్కను పెంచి చూపిస్తాయి గానీ, లాలాజలంలోని లెక్కను అంతగా తారుమారు చేయవు.

సరిగ్గా తీయించడమే అసలు పని. రాత్రి 11, 12 గంటల మధ్య, కనీసం రెండు రాత్రులు తీయాలి. అంతకు అరగంట ముందు నుంచి తిండి, టీ, పళ్లు తోమడం ఏవీ వద్దు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఆగాలి. గొంతు గరగరకు అతిమధురం వేరు చప్పరించే అలవాటుందా అని తప్పక అడుగుతాను, అది లెక్కను పెంచేస్తుంది. సిగరెట్టూ అంతే. గజ్జికో, రంగు తేలడానికో స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాసుకున్న చేత్తో దూది ముట్టుకున్నా ఫలితం పాడవుతుంది.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నేనీ పరీక్ష రాయను. వాళ్ల ఒంటికి అర్ధరాత్రి వేరే వేళలో వస్తుంది.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది మాత్రల సంగతి. మన ఊళ్లలో ముఖం గుండ్రమై, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ సన్నబడి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కారణం మోకాళ్ల నొప్పులకనో, ఆయాసానికనో నెలల తరబడి మింగిన స్టెరాయిడ్లే. అలాంటివాళ్లకు ఈ పరీక్షతో పనిలేదు. అలాగని మాత్ర ఒక్కసారిగా మానేయమనడం ప్రాణాపాయం. మెల్లగా తగ్గించాలి.

ఒక రాత్రి ఎక్కువ, మరో రాత్రి మామూలు వస్తే తొందరపడను. 24 గంటల మూత్రంలో కార్టిసాల్ చూస్తాను. లేదా రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి పొద్దున రక్తం తీయిస్తాను, కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటితే ఇంకా వెతకాలి. జబ్బు ఉందని తేలకముందే తలకు ఎం.ఆర్.ఐ. తీయించుకొచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ జబ్బు తెచ్చే గడ్డ మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథిలో ఉండొచ్చు గానీ, ఏ హానీ చేయని చిన్న గడ్డలు కూడా అక్కడ చాలామందికి ఉంటాయి. అలాంటిది కనబడ్డాక ఆపరేషన్ వద్దని ఆ కుటుంబానికి నచ్చజెప్పడం చాలా కష్టం.