తెలుగు విజ్ఞానరచనలో కొరవడిన పద్ధతిచర్చ: ఫిస్కే - సుబ్బారావు వర్ణమాపన విధానం

1. ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) గురించి తెలుగులో వెలువడే వ్యాసాలకు ఒక స్థిరమైన కథనక్రమం ఏర్పడింది. భీమవరంలో జననం, పేదరికం, మద్రాసులో వైద్యవిద్య, అమెరికా ప్రయాణం, ఔషధాల ఆవిష్కరణ, నోబెల్ బహుమతి దక్కలేదన్న ఆవేదన ఇందులోని ప్రధానాంశాలు. వీటిలో ఆయన ఏమి సాధించారో తెలుస్తుంది. ఎలా సాధించారో తరచుగా తెలియదు. ఆయన తొలి ప్రధాన కృషి ఔషధం కాదు, ఒక కొలత పద్ధతి. దాన్ని విస్మరించడం వల్ల కలిగే నష్టాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పద్ధతి స్వరూపం

హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ నిర్ధారణ పద్ధతి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రచురితమైంది. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో చర్య జరిపి ఫాస్ఫోమాలిబ్డేటుగా మారుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు ఏర్పడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫేటు పరిమాణాన్ని లెక్కిస్తారు. ఈ సూత్రం అంతకుముందే ఉంది. 1920లో బెల్, డాయిసీలు హైడ్రోక్వినోన్‌ను క్షయకరణిగా వాడారు. దాని స్థానంలో అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ప్రవేశపెట్టడం ఫిస్కే, సుబ్బారావుల ప్రత్యేకత. రంగు త్వరగా ఏర్పడడం, ఇతర పదార్థాల అడ్డు తగ్గడం దీనివల్ల కలిగిన ప్రయోజనాలు.

నాటి డ్యుబోస్క్ వర్ణమాపకంలో ప్రమాణద్రావణాన్నీ పరీక్షాద్రావణాన్నీ పక్కపక్కన ఉంచి, రెండు రంగులూ సమానంగా కనిపించేవరకు ద్రవస్తంభాల లోతును సవరించేవారు. తుదినిర్ణయం పరిశోధకుని కంటిదే. కనుక రంగు నమ్మదగినదిగా ఏర్పడడం అత్యవసరమైంది.

3. ఆలస్యం నుంచి ఆవిష్కరణకు

కండరాల నుంచి తీసిన ద్రావణంలో రంగు ప్రమాణద్రావణంలో వచ్చినంత వేగంగా రాలేదు. దీన్ని ప్రయోగదోషంగా కొట్టివేయడం సులభం. వారు అలా చేయలేదు. ఆమ్లంలో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేటును విడుదల చేసే అస్థిర సమ్మేళనం ఒకటి కండరంలో ఉందని గుర్తించారు. అదే 1927లో వెల్లడైన ఫాస్ఫోక్రియాటిన్. అంతవరకు దీనిలోని ఫాస్ఫరస్ కూడా అకర్బన ఫాస్ఫేటు లెక్కలోనే చేరుతూ వచ్చింది. 1929లో ఏటీపీని గుర్తించడం ఈ పరిశోధనకు కొనసాగింపే.

తాళపత్రప్రతులను పరిష్కరించే పండితుడు పొసగని పాఠాన్ని వెంటనే లేఖకదోషమని తోసివేయడు; అది ఎందుకు వచ్చిందో విచారిస్తాడు. ఫిస్కే, సుబ్బారావులు చేసినదీ అటువంటి విచారణే. తమ పద్ధతిలో రంగు ఎంత వేగంగా రావాలో తెలిసినందువల్లనే ఆలస్యాన్ని అర్థవంతమైన సంకేతంగా చదవగలిగారు.

4. విమర్శ

పద్ధతిని విడిచిన కథనంలో రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, ఆవిష్కరణ ఒక మహిమగా మారుతుంది. పాఠకునికి ఆరాధన మిగులుతుంది తప్ప అవగాహన కలగదు. రెండవది, ఘనత పంపిణీ తారుమారవుతుంది. ఫిస్కే భాగస్వామ్యం మరుగున పడుతుంది. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు 1927లోనే ఈ అస్థిర ఫాస్ఫేటును 'ఫాస్ఫాజెన్' పేరిట వెల్లడించడం, జర్మనీలో కార్ల్ లోమన్ 1929లోనే ఏటీపీని స్వతంత్రంగా కనుగొనడం ప్రస్తావనకు రావు. సుబ్బారావుకు తగిన గుర్తింపు రాలేదని వాదించే రచన ఇతరుల గుర్తింపును తగ్గించడం అసంగతం.

పరిభాష కొరతను ఇందుకు కారణంగా చూపడం సమంజసం కాదు. వర్ణమాపకం, క్షయకరణి, గాఢత, ప్రమాణద్రావణం వంటి పదాలు తెలుగులో ఉన్నాయి. కొరవడినది పదం కాదు, ప్రక్రియను వాక్యాలలో వివరించే అలవాటు.

5. ముగింపు

సుబ్బారావు ప్రతిభకు నిదర్శనం బహుమతుల జాబితాలో లేదు. ఆలస్యంగా వచ్చిన నీలిరంగును నిర్లక్ష్యం చేయని దృష్టిలో ఉంది. శాస్త్రవేత్తల జీవితచరిత్రలు రచించేవారు, వాటిపై పరిశోధన చేసేవారు ఏ పరికరంతో, ఏ సందేహంతో, ఏ కొలతతో ఫలితం లభించిందన్న ప్రశ్నలను ప్రమాణంగా స్వీకరించాలి. అప్పుడే తెలుగు విజ్ఞానరచన ప్రశంసాదశను దాటి విశ్లేషణదశకు చేరుతుంది.