గరిటెడు సీసం, గంపెడు జాగ్రత్త

1776 జూలై 9న న్యూయార్క్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించగానే జనం బౌలింగ్ గ్రీన్ అనే చోటు వైపు కదిలారు. అక్కడ గుర్రమెక్కి కూర్చున్న బ్రిటిష్ రాజు మూడో జార్జి విగ్రహం ఉండేది. పెట్టి ఆరేళ్ళే అయింది. పైన బంగారు పూత, కింద సీసం. మోకులు వేసి లాగి పడేశారు. ముక్కల్లో చాలా భాగం కనెటికట్‌లోని లిచ్‌ఫీల్డ్ ఊరికి, ఆలివర్ వోల్కాట్ అనే ఆయన ఇంటికి చేరింది.

అదేమీ తూటాల కార్ఖానా కాదు, మామూలు ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు, ఇరుగుపొరుగువాళ్ళు కూర్చుని రాజుగారి విగ్రహాన్ని కరిగించి అచ్చుల్లో పోశారు. వోల్కాట్ పద్దులో లెక్క మొత్తం 42,088 తూటాలు. రూత్ మార్విన్ పేరున 11,592, వోల్కాట్ కూతుళ్ళు మేరీ ఆన్ పేరున 10,790, లారా పేరున 8,378 ఉన్నాయి. పదేళ్ళయినా నిండని కొడుకు ఫ్రెడరిక్ కూడా 936 చేశాడు.

ఇంటి పొయ్యి మీద ఇంత పని జరగడానికి కారణం సీసం గుణమే. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ కావాలి, సీసానికి 327 చాలు. అందుకే అడవుల్లో తిరిగే అమెరికన్ వేటగాడి సంచిలో ఒక చిన్న అచ్చు, ఒక ఇనప గరిటె ఎప్పుడూ ఉండేవి. పసిఫిక్ తీరానికి దారి వెతుకుతూ 1804లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఇంకా తెలివైన ఏర్పాటు చేసుకుంది. తుపాకి మందును సీసపు డబ్బాల్లోనే నింపి, మూత బిగించింది. ఒక్కో డబ్బాలో 4 పౌండ్ల మందు, డబ్బా బరువు 8 పౌండ్ల సీసం. డబ్బా ఖాళీ కాగానే దాన్నే కరిగిస్తే ఆ మందుకు సరిపడా గుళ్ళు వచ్చేవి. నదులు దాటినా మందు తడవకుండా కాపాడిన డబ్బా, చివరికి తానే గుండుగా మారేది. పొదుపంటే అదీ.

మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకుల మీద మక్కువతో 1933లో అమెరికాలో ఒక జాతీయ సంఘమే ఏర్పడింది. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో దాని పోటీలు జరుగుతాయి. ఆ అభిమానులు నేటికీ గుళ్ళు సొంతంగా పోసుకుంటారు. కట్టెల పొయ్యి స్థానంలో ఇప్పుడు ఎక్కడికైనా మోసుకెళ్ళే గ్యాస్ బర్నర్ వచ్చింది.

పని ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి చేస్తారు. బర్నర్ కాళ్ళు వెడల్పుగా, కదలకుండా ఉండాలి. సిలిండరు మంటకు దూరంగా ఉండాలి. పాత్ర పోత ఇనుముదైతే మేలు. అల్యూమినియం గిన్నె వేడికి మెత్తబడి అడుగు జారిపోతే సీసం కాళ్ళ మీదే పడుతుంది. కరిగాక బూడిదరంగు తెట్టు పైకి తేలుతుంది. చిటికెడు తేనెమైనం వేసి కలిపితే పొగ, మంట లేచి, మురికంతా పైకొస్తుంది. దాన్ని గరిటెతో తీసేస్తే కింద అద్దంలా మెరిసే లోహం.

అసలు శత్రువు నీళ్ళు. వేడి సీసం కిందికి ఒక్క నీటిబొట్టు జారినా, అది క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, పాత్రలోని సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. వానచినుకు, చెమటచుక్క, తడి గరిటె, ఆరుబయట పడి ఉన్న సీసపు దిమ్మెకు పట్టిన చెమ్మ, ఏదైనా ఒకటే. అందుకే కొత్త దిమ్మెను పాత్ర అంచున కాచి ఆరబెట్టాకే లోపలికి జారుస్తారు. కళ్ళద్దాలు, తోలు చేతి తొడుగులు, మూసిన తోలు బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా లేకుండా అనుభవజ్ఞులెవరూ బర్నర్ దగ్గరికి రారు.

ఇక పోత. అచ్చును ముందు వేడి చేసుకోవాలి. చల్లటి అచ్చులో పోస్తే గుండు ముసలి చర్మంలా ముడతలు పడుతుంది. మరీ కాగితే గరుకుగా, బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. గరిటె నుంచి సన్నని ధార అచ్చు కంతలోకి దిగాలి, పైన చిన్న మడుగు మిగలాలి. లోపలి సీసం గడ్డకడుతూ కుంచించుకుపోతుంటే ఆ మడుగే లోటు పూడుస్తుంది. దాని మెరుపు మసకబారిన క్షణాన కర్రముక్కతో అచ్చు పైరేకును తట్టి తోకను తెంపి, అచ్చు తెరిచి గుండును మడత పెట్టిన గుడ్డ మీద పడేస్తారు. అర అంగుళం తుపాకీకి సరిపడే గుండు బరువు సుమారు 11.5 గ్రాములు. ఒక్కటి కాస్త తేలికపడినా లోపల గాలిబుడగ ఉన్నట్టే, మళ్ళీ పాత్రలోకే. ఆ మెరుపు మారే క్షణాన్ని ఏ థర్మామీటరూ చూపదు. కన్ను నేర్చుకోవాల్సిందే, నిజమైన పనితనమంతా అక్కడే ఉంది.

వోల్కాట్ ఇంటి పిల్లలకు బహుశా తెలియని సంగతి ఒకటుంది. సీసం విషం. పాత్రను అతిగా కాచకుండా ఉంటే ఆవిరి తక్కువే. ఎక్కువ ముప్పు చేతి వేళ్ళ నుంచి, తెట్టు పొడి నుంచి నోటికి చేరేదే. ఒంట్లోకి వెళ్ళిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలవుంటుంది, పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కానీ సీసం కరిగించే చేతులు మన దగ్గరా ఉన్నాయి. వల అంచులకు సీసపు గుళ్ళు పోసుకునే జాలర్లకు, పాత బ్యాటరీలు విప్పే కూలీలకు ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వంటగిన్నెను సీసానికి వాడకండి, వాడిన గిన్నెను తిరిగి వంటకు తేకండి. పని దగ్గర బీడీ, టీ వద్దు. సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి.