వ్రేలికొన చదువు, గురులఘు నిర్ణయము

గురులఘు నిర్ణయము ఉచ్చారణమును బట్టి యుండునని ఎరిగియు, బోధించునపుడు మనము కంటినే నమ్ముకొనుచున్నాము. నల్లబల్లపై పాదము వ్రాసి, అక్షరముల నెత్తిన గుర్తులుంచి గణవిభజన చేయుదుము. చూపులేని విద్యార్థికి ఈ పద్ధతి ఉపకరింపదు. అంతమాత్రమున అతని లిపి ఛందస్సునకు చాలదనుట పొరపాటు. ఒక విషయమున అది మన అచ్చుకంటె మేలైనదని మేము తలంచుచున్నాము.

18వ శతాబ్ది చివర పారిస్ నగరమున వాలెంటిన్ ఆయూయి రోమను అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించెను. కంటికి తగిన రూపమును వ్రేలికి అంటగట్టుటయే అందలి లోపము. 1829లో లూయీ బ్రెయిలీ ప్రకటించిన ఆరు చుక్కల గడియో, వ్రేలికొన క్రింద ఒక్కమారుగా ఇముడును. చుక్కకు చుక్కకు ఎడము సుమారు 2.5 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. ఇంత స్వల్పమైన మిట్టలను వ్రేలు నిలిచియున్నప్పటికంటె కదలునపుడే చక్కగా గుర్తించును. కావున ఈ చదువునకు వరుసయే ప్రాణము.

మన అచ్చులో ఆ వరుస లేదు. 'భక్తి' అను మాటను చూడుడు. ఇకారము తకారము తరువాత పలుకబడును; గుడి మాత్రము కకారముపై నుండును; తకారము వత్తుగా క్రిందికి దిగును. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలీలో ఇదే మాట భ, హల్లు గుర్తు, క, త, ఇ అని ఐదు గడులలో, పలుకు క్రమమున సాగును. ఆ హల్లు గుర్తు కుడివైపు పైచుక్క ఒక్కటే. విశేషమేమనగా, అది అచ్చు లేని హల్లునకు ముందు వచ్చును. భకారమును దాటిన వెంటనే వ్రేలికి అది తగులుటచే, సంయుక్తము రానున్నదనియు, భకారము గురువనియు ముందే తెలియును. 'రాజున్' అనుచోట పొల్లునకును ఇదే గుర్తు. అచ్చులో వేర్వేరుగా కనబడు వత్తును పొల్లును వ్రేలు ఒక్కటిగానే ఎరుగును. ఛందస్సునకు కావలసినదియు అదియే.

అన్నిచోట్ల ఇట్లు కాదు. క్ష, జ్ఞ అను రెండింటికి ప్రత్యేకమైన గడు లుండుటచే ఆ చుక్క రాదు. 'అక్షరము' అను మాటలోనే అకారము గురువని వ్రేలు చెప్పజాలదు! 'అద్రుచు' వంటి తేల్చి పలుకు రేఫలోనో, చుక్క యున్నను ముందక్షరము లఘువే. ఇవి పాఠమున వేరుగా చెప్పవలసినవి. ఇక నెత్తిగుర్తులకు బదులు, పాదము క్రింద వేరొక పంక్తిలో గ, ల అని వ్రాయించిన చాలును. ఒక్కొక్కటి ఒక్క గడియే.