పట్టుకోని పిడి

పాతకాలపు మంగలి కత్తితో గడ్డం గీసేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో గమనించారా? పిడి మీద మాత్రం కాదు. వేళ్లు బ్లేడు వెనకున్న ఉక్కు కాడని పట్టుకుంటాయి, చిటికెన వేలు దాని తోక మీద ఆనుతుంది. పిడి పైకి లేచి గాల్లో ఉంటుంది. అంటే మనం పిడి అంటున్నది సగం ఒర, సగం తూకపురాయి. దాని రెండు పక్కల చెక్కలనే స్కేల్స్ అంటారు.

షెఫీల్డ్, జోలింగెన్‌ల పాత కత్తులకి తుప్పు వదిలించి కొత్త చెక్క స్కేల్స్ తొడిగే సరదా ఇప్పుడు బాగానే ఉంది. వాటి ఫొటోలు చూస్తే నాకు ఎక్కువసార్లు చిరాకే. సుడులు తిరిగిన చెక్క, అద్దంలాంటి పాలిష్. కత్తి మూసి ఉంటుంది! మూసిన కత్తిని చూసి ఏం చెప్పగలం? చేసినవాడి పనితనం తెరిచి మూస్తేనే తెలుస్తుంది. బ్లేడు ఏ చెక్కకీ తగలకుండా సరిగ్గా మధ్యలోకి దిగాలి. అలా దిగడానికి పిడి చివర రెండు చెక్కల మధ్య పెట్టే వెడ్జ్ కావాలి. దాని వాలు కాస్త తప్పినా అంచు చెక్కకి కొట్టుకుంటుంది. ఇన్ని గంటల పనికి ఫొటోలో చోటు లేదు.

అలాగని పాతదంతా పవిత్రమనీ అనను. దంతాన్నీ తాబేటి చిప్పనీ అనుకరించిన సెల్యులాయిడ్ స్కేల్స్ ఉన్నాయి చూడండి, గరుకు కాగితంతో రుద్దితే కర్పూరం వాసనొస్తుంది. అవి కుళ్లడం మొదలైతే వచ్చే ఆమ్లపు ఆవిరి బ్లేడునే తినేస్తుంది. అక్కడ మార్చక తప్పదు.

నేను మార్చింది మాత్రం కొమ్ము స్కేల్స్. పిన్ను దగ్గర చిన్న పగులు, అంతే. తీసి పారేసి రోజ్‌వుడ్‌తో చేశాను, ఒక్కో చెక్క 5 మిల్లీమీటర్లు. మిత్రులు మెచ్చుకున్నారు. తెరిచి పట్టుకుంటే బరువంతా వెనక్కి లాగి బ్లేడు చేతిలో తిరిగిపోయింది. రుద్ది రుద్ది 3 మిల్లీమీటర్లకి తెచ్చాక గానీ దారికి రాలేదు.

ఆ కొమ్ము మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు గీసి ఉన్నాయి. సూదితోనో మేకుతోనో, వంకరగా. మన దగ్గర ఈ కత్తి పేరులోనే ఒక కులం ఉంది, ఆ పేరుని తిట్టుగా వాడినవాళ్లం మనమే. సెలూన్లలోకి సగం బ్లేడు పెట్టుకునే కత్తులొచ్చి ఇవి మూలపడ్డాక, నాలాంటివాళ్లకి హాబీ అయ్యాయి. ఎక్కడో ఆ కత్తితో రోజూ పనిచేసిన ఒకరు తన వస్తువని పెట్టుకున్న గుర్తేమో అది. నాకప్పుడు మరకలా కనిపించింది.

పగులుని అతికించి ఉండొచ్చు. కనీసం ఆ ముక్కల్ని ఉంచుకున్నా, కొత్త చెక్క ఎంత మందం ఉండాలో వాటిని కొలిచి చూసుకునేవాణ్ని.